కార్బైడు డబ్బాకు భద్రమైన చోటు

ఆ రోజు పదింటికి తహసీల్దారు వస్తాడు. ఇంట్లో పెట్టుకున్న వెల్డింగ్ మిషన్ వల్ల గీదం బజారు తగలబడదని కళ్ళారా చూస్తే అనుమతి పర్వానా ఇస్తాడు. లేదంటే మిషన్‌ను బండికెక్కించి జగదల్‌పూర్ తిప్పి పంపిస్తాడు. కమ్మరి భూషణానికి తెల్లవారుజాము నుంచే కాలు నిలవడం లేదు. తాతల నుంచీ బస్తర్ సంస్థానంలో నాగలి కర్రులు సాగగొట్టిన వంశంలో గ్యాసు మంటతో ఇనుము అతికించబోయే మొదటి మొనగాడు తనే మరి!

మిషన్ అమ్మినవాడు చెప్పిన జాగ్రత్తలన్నీ అతనికి కంఠతా వచ్చు. నల్ల కళ్ళద్దాలు తీయకూడదు. పక్కన బకెట్ నీళ్ళు, బకెట్ ఇసుక ఉండాలి. దగ్గర్లో బీడీ వెలగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కార్బైడు గడ్డలకు తడి తగలకూడదు. తగిలితే మండే గ్యాసు పుడుతుంది. అందుకే వాకిట్లోని నీళ్ళ బకెట్‌కు వీలైనంత దూరంగా, కార్బైడు డబ్బాను పెరట్లో గోడవార పెట్టి వచ్చాడు.

"సోమమ్మా! పెద్దసారు వస్తుండు. ఇల్లు తెల్లగ మెరవాలె," అని భార్యను హెచ్చరించి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వాకిట్లో మిషన్ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

సంత రోజున సున్నం అమ్మే ఇర్మె పొద్దున్నే పెరట్లో సున్నపు గడ్డలు పెట్టి, తిరుగు దారిలో వాటికి బదులు ఉప్పు పట్టుకెళ్ళడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ రోజూ సంతే. సోమమ్మ పెరట్లో గోడవార ఉన్న డబ్బా తెరిచి బూడిదరంగు గడ్డలు చూసి మురిసిపోయింది.

"ఈసారి డబ్బాల పెట్టి పోయింది. ఎంత పద్ధతో!"

సగం గడ్డలు తొట్టిలో వేసి నీళ్ళు పోసింది. బుసబుసా పొంగింది. సున్నమూ అలాగే పొంగుతుంది కాబట్టి ఆమెకు అనుమానమే రాలేదు. వెనక గోడకు వెల్ల వేస్తే, ఎండకు ఆరి పాలలా తెల్లబడింది. ముందు గోడ కోసం మిగతా గడ్డలు రెండో తొట్టిలో వేసి నీళ్ళు పోసి, కుంచె కడగడానికి వెళ్ళింది.

అదే సమయానికి, విరిగిన కర్రు పట్టుకొచ్చిన హిడ్మా వాకిట్లో బీడీ ముట్టించాడు.

"ఏందిర హిడ్మా! మిషన్ కాడ బీడీనా? పెరట్లకు పో!" అని భూషణం కసిరాడు.

పాపం హిడ్మా బుద్ధిగా పెరట్లోకి పోయాడు.

భగ్గుమంది!

"అన్నా! మీ సున్నం మండుతాందే!"

భూషణం నీళ్ళ బకెట్ ఎత్తుకుని పరుగెత్తి, తొట్టి మీద గుమ్మరించాడు. మంట చూరు దాకా లేచింది! వెనక్కి పరుగెత్తి ఇసుక తెచ్చి పోస్తేగాని అణగలేదు. హిడ్మా కనుబొమ్మలు మాత్రం దక్కలేదు. అప్పుడు కనబడింది ఖాళీ డబ్బా.

"నా కార్బైడు!" అని భూషణం తల పట్టుకున్నాడు. అది లేనిదే గ్యాసు లేదు, గ్యాసు లేనిదే వెల్డింగ్ లేదు. కళ్ళద్దాల చాటున నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే తహసీల్దారు తన రాతపని చూసే మునిషీతో సహా పెరట్లోకి వచ్చాడు.

ఆయన తొట్టిని చూడలేదు, హిడ్మానూ చూడలేదు. గోడ దగ్గరకు పోయి సున్నాన్ని వేలితో రాసి చూశాడు.

"అరే వాహ్! ఇంత తెల్లని చూనా ఎక్కడిది?"

సోమమ్మ ఖాళీ డబ్బా చూపించింది. డబ్బా మీద మిషన్ బొమ్మ ఉంది.

"అచ్ఛా! ఆ మిషన్ చూనా తయారుచేస్తదా?"

"కాదు హుజూర్, అది..." అని భూషణం నోరు తెరిచాడు. సోమమ్మ అతని కాలు తొక్కింది.

"జీ హుజూర్!" అంది.

మునిషీ అక్కడికక్కడే పర్వానా రాసిచ్చాడు: ఇంట్లో సున్నం మిషన్ పెట్టుకోవచ్చు, ఎనిమిది రోజుల్లో తహసీల్దారు కచేరీ మొత్తానికి వెల్ల వేయాలి.

ఆ ఎనిమిది రోజులూ కుంచె పట్టుకున్నంతసేపు భూషణం నల్ల కళ్ళద్దాలు తీయలేదు.