ఇది బోరు మోటారు కాదు మామా!

ఆదివారం పొద్దున వెన్నెల వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికల్లా పుంగనూరు అవతల చెరువు దగ్గరికి చేరాలి. బోటుకు ప్రొపెల్లరు తగిలించాలి. రెండు చుట్లు తిప్పి చూసుకోవాలి. పదింటికి బెంగళూరు నుంచి పవర్‌బోటు క్లబ్బు కార్యదర్శి భీమరావు వస్తాడు. ఆయన కళ్ళముందు బోటు దూసుకుపోతే, వచ్చే నెల పోటీలో ఆమెకు చోటు దొరికినట్టే. చెన్నైలో బోటు ఇంజన్ల కంపెనీలో పనిచేస్తూ, పాత రేసు బోటొకటి కొని, సెలవు దొరికినప్పుడల్లా ఊరికొచ్చి దాన్ని సరిచేసుకున్నదంతా ఈ ఒక్కరోజు కోసమే.

ప్లానులో లేనిది వాళ్ళ నాయన రాజగోపాల్ ఒక్కడే.

గుడ్డలో చుట్టి మూలన పెట్టిన ప్రొపెల్లరు, హాల్లో బల్లమీద తోమిన స్టీలు బిందెలా తళతళలాడుతోంది.

"నాయనా, దీన్నేం చేసినావు?"

"నిన్న మదనపల్లెకు పోయుంటి గదమ్మా, లేత్ షాపులో పాలిష్ పట్టిచ్చినా. రెక్కల అంచులు యాడో రాయికి తగిలి వంగిపోయుండె. ఆయప్ప సుత్తితో కొట్టి నేరుగా చేసిచ్చినాడు."

వెన్నెల అంచు మీద వేలు పెట్టి చూసింది. నీళ్ళను ఒడిసిపట్టి వెనక్కి నెట్టడానికి తయారీవాళ్ళు కోరి పెట్టిన ఒంపు అది. అది లేకపోతే రెక్క నీళ్ళలో జారిపోతుంది. ఇప్పుడక్కడ అప్పడాల కర్రతో ఒత్తినట్టు చదునుగా ఉంది.

"అది వంగిపోలేదు నాయనా, అట్లే ఉండాల!" ఆమె గొంతు కీచుమంది. "పోనీలే, ఇంకొకటి స్పేరు ఉండాది."

"దాన్ని మాత్రం వదిలిపెడతానా? రెండూ తీస్కపోయినా," అన్నాడు రాజగోపాల్. కూతురి కోసం ఏ పనీ సగంలో ఆపే మనిషి కాడాయన.

వెన్నెల ఉన్నవాటిలో ఒకటి తీసుకుని చెరువు దగ్గరికి పోయి బోటుకు తగిలించింది, వెనకే నాయనా వచ్చాడు. బోటు వెనక పలకకు మోటారు బిగించేచోట ఒకదాని కింద ఒకటిగా రంధ్రాలుంటాయి. మోటారు ఎంత పైనుంటే నీటి ఒరిపిడి అంత తగ్గి బోటు అంత వేగంగా పోతుంది. మరీ పైకి పోతే రెక్కలకు నీళ్ళు దొరకవు. ఎన్నో సెలవులు ఖర్చుపెట్టి ఆమె ఆ సరైన రంధ్రం కనిపెట్టింది. ఇప్పుడు రెక్కలు చదునయ్యాయి కాబట్టి ఒక్క రంధ్రం కిందికి దించితే కొంతైనా పట్టు దొరకొచ్చు.

సాయానికి కుప్పం నుంచి మేనమామ గంగులప్ప వచ్చాడు. ఆయనది బోరుబావుల వ్యాపారం. అప్పుడే భీమరావు దారి అడగడానికి ఫోన్ చేశాడు.

"మామా, మోటారు ఒక్క రంధ్రం కిందికి దించాల. వచ్చి చెప్తా, పట్టుకోనుండు," అని ఆమె సిగ్నల్ కోసం గట్టెక్కింది.

దిగి వచ్చేసరికి మోటారు అట్టడుగు రంధ్రంలో ఉంది.

"యాల మామా ఇట్ల చేసినావు?"

"నీళ్ళు అందాల గదా పాపా! ముప్పై ఏండ్లుగా మోటార్లు దించతాండా. లోతుకు దించి చెడినోడు ఒక్కడూ ల్యా."

"ఇది బోరు మోటారు కాదు మామా! లోతుకు పోతే నీళ్ళే దీన్ని వెనక్కి లాగతాయి!"

"నీళ్ళు ఎక్కువైతే కష్టమని మన సీమలో ఇదే మొదటిసారి ఇంటాండా," అన్నాడు గంగులప్ప నిజంగానే ఆశ్చర్యపడుతూ.

విప్పుదామంటే బోల్టులు కదల్లేదు. ఆయన స్పానరుకు ఇనుప పైపు తొడిగి, తలలు అరిగిపోయేలా బిగించాడు. వెన్నెల తల పట్టుకుని గట్టు మీద కూలబడింది. అంతలో భీమరావు కారు వచ్చేసింది. వెనక బండి మీద క్లబ్బు వాళ్ళ కొత్త బోటు, దాన్ని నడిపే గిరీష్.

చేసేదేం లేక వెన్నెల బోటెక్కింది. ఇంజను గొంతు చించుకుని అరిచింది. వెనక నీళ్ళు గోడలా లేచాయి. బోటు మాత్రం కడుపునిండా మేసిన బర్రెలా కదిలింది. గట్టు మీద రాజగోపాల్ నడుస్తూనే దాని పక్కన వచ్చాడు.

"బాగుండాది పాపా! అట్లే పో!"

వెన్నెలకు చెరువులో దూకాలనిపించింది. భీమరావు గడియారం చూసుకుని, "గిరీష్, నువ్వు ఒక రౌండు చూపించప్పా," అన్నాడు.

గిరీష్ బాణంలా దూసుకుపోయాడు. నడిచెరువులో ఎవరో వేసి మరిచిన చేపలవల అతని ప్రొపెల్లరుకు చుట్టుకుంది. ఇంజను ఆగింది. చెరువు నిండి, మిగులు నీళ్ళు మొరవ కట్ట మీదుగా కిందికి పొర్లుతున్న రోజులవి. గాలి బోటును నేరుగా ఆ మొరవ వైపే తోసింది. కింద బండరాళ్ళు. గిరీష్ కేకలు గట్టుదాకా వినిపించాయి.

వెన్నెల బోటు తిప్పింది. తాడు విసిరింది, గిరీష్ కట్టుకున్నాడు. ఆమె భయపడుతూనే ఇంజను పెంచింది. చదునైన రెక్కలు మొదటి గేరులో లారీలా నీళ్ళను తోశాయి. లోతుకు దిగిన మోటారు పట్టు విడవలేదు. గిరీష్ రేసు బోటు మెల్లగా, మొరవకు మూరెడు దూరం నుంచి వెనక్కి తిరిగి, గట్టుదాకా బుద్ధిగా వచ్చింది.

భీమరావు చెమట తుడుచుకున్నాడు. "ఈ సెట్టింగు ఎవరిదమ్మా?"

రాజగోపాల్, గంగులప్ప ఒకేసారి ముందుకొచ్చారు.

"సార్, ఒక్క వారం ఇయ్యండి. అంతా విప్పి మళ్ళా స్పీడు తెస్తా," అంది వెన్నెల గబగబా.

"అయ్యో, దేన్నీ ముట్టుకోవద్దమ్మా! పోటీకి మాకు రెస్క్యూ బోటు దొరక్క చస్తున్నాం. ఇదే కావాలి, నడిపేది నువ్వే. వీళ్ళిద్దర్నీ గూడా తీసుకురా."

వెన్నెల స్పానరు కోసం బోటు దగ్గరికి పరిగెత్తింది. మామ అప్పటికే బోల్టులకు ఇంకొక చుట్టు బిగిస్తున్నాడు.

పోటీ రోజున రేసు బోట్లన్నిటి వెనక ఎర్రజెండా కట్టుకుని వెన్నెల నిదానంగా పోతుంటే, గట్టు మీద రాజగోపాల్ పక్కవాళ్ళకు చెప్పాడు: "సూడండి, మా పాపకు భయపడే అంతా అట్ల పరిగెత్తతాండారు."