ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల పైచిలుకు ధరణి

అర్జీకి జవాబు బదులు నంబరు ఇచ్చే పద్ధతిని తిట్టేవాళ్లంతా కృతఘ్నులు! జవాబుదేముంది, ఒకసారి చదివితే అయిపోతుంది. నంబరు అలా కాదు, ఎన్నాళ్లయినా నెమరేసుకోవచ్చు.

నమ్మరా? తార్నాకలో ఉండే ధరణిని అడగండి. గణితంలో పీహెచ్‌డీ పూర్తి చేసిన పిల్ల. నల్లకుంటలో ఓ కాలేజీవాళ్లు లెక్చరర్ ఇంటర్వ్యూకి పై వారం శుక్రవారం రమ్మన్నారు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ లేకుండా మాత్రం రావద్దన్నారు. ఆమె యూనివర్సిటీ పోర్టల్‌లో అర్జీ పెట్టింది. సర్టిఫికెట్ రాలేదు గానీ నంబరొచ్చింది: 73939133.

మీరూ నేనూ అయితే తల పట్టుకునేవాళ్లం. ధరణి బస్‌స్టాప్‌లోనే ఫోన్ తీసి లెక్క కట్టింది. ప్రధాన సంఖ్య! ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ దాన్ని శేషం లేకుండా భాగించలేదు. అంతటితో ఆగిందా? చివరి అంకె తీసేస్తే మిగిలిందీ ప్రధాన సంఖ్యే. ఇంకోటి తీసినా అంతే. అలా 73 దాకా, 7 దాకా! ఈ గుణమున్న సంఖ్యల్లో ఇంతకన్నా పెద్దది లేనేలేదు. ఆ సంతోషంలో ఆమె రెండు ప్లేట్ల మిర్చి బజ్జీలు తినేసింది. ఏ జవాబు ఇస్తుందండీ ఇంత ఆనందం?

ఆఫీసుకు వెళ్తే, మొదటి కౌంటర్‌లో రాజన్న కంప్యూటర్ వంక చూసి పెదవి విరిచాడు. "గీ డబ్బాల ఏడు అంకెలే పడ్తయమ్మా. కొసది తీసేస్తున్న."

ఇంకొకరైతే లబోదిబోమనేవారు. ధరణి మురిసిపోయింది. "తీసేయండి సార్, ఏం పర్లేదు. అయినా ప్రధాన సంఖ్యే!"

రెండో కౌంటర్‌లో రిజిస్టర్ గడి ఇరుకై ఇంకో రెండు అంకెలు పోయాయి. తర్వాతి చోట చీటీ చిరిగి నాలుగు పోయాయి. ఎన్ని చేతులు మారినా అర్జీ మాత్రం తెమలలేదు. గురువారం మధ్యాహ్నానికి ఆమె చేతిలో ఒక్క ఏడు మిగిలింది. అప్పుడు మాత్రం, నిజం చెప్పాలి, ఆ పిల్లకు ఏడుపొచ్చింది. ఐదేళ్ల చదువు ఒంటి అంకె దగ్గరకొచ్చి ఆగిపోయింది.

ఏడో కౌంటర్‌లో కూర్చున్న నాగేష్ ఆ చీటీ వైపు చూడనే లేదు. "గదంతా ఎందుకు మేడం, మీ పేరేంది?"

పదకొండు రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి! "ధరణి" అనగానే బీరువా తెరిచి, కట్టలోంచి సర్టిఫికెట్ లాగి చేతికిచ్చాడు. "గిది వచ్చి పది రోజులాయె. మీరు నంబర్ చెప్పుకుంట తిరుగుతున్నరు, పేరు చెప్తలేరు."

ఎంత ఘోరం! అంత మహత్తరమైన సంఖ్యకు ఇంత అవమానమా? నంబర్ల పక్షాన నేను తీవ్రంగా నిరసిస్తున్నాను.

ధరణి కూడా మారిపోయింది లెండి. శుక్రవారం నల్లకుంట కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఇమ్మానుయేల్ ఆమె చేతిలో టోకెన్ పెట్టాడు. ఎనిమిది. ఆమె దాని వంక ఒక్కసారి చూసి నవ్వింది.

"దీని గురించి చెప్పాలంటే చాలా ఉంది గానీ అన్నా, ముందు నా పేరు రాసుకోండి."