సందు లేని ఇల్లు

ఆ ఉదయం డేవిడ్‌రాజు మాస్టారి పథకం చిన్నదే: ఇంటి పరీక్ష నెగ్గాలి, తరవాత ఇడ్లీ తినాలి. ఎండ లోపలికి రాకుండా, ఏసీ చల్లదనం బైటికి పోకుండా ఆయన తన పెంకుటింటికి పైకప్పు కింద అట్టలు వేయించి, తలుపులకు రబ్బరు పట్టీలు కొట్టించి, వెంటిలేటర్లు మూయించాడు. పని ప్రమాణాలకు తగ్గట్టుందో లేదో తేల్చడానికి ఇంజనీరు భాస్కర్ వస్తున్నాడు.

భార్య జ్ఞానసుందరికి మాత్రం కడుపుమంట. పక్కింటి చూడామణి చిన్నప్పటి నుంచీ తెల్లారుజామునే వయొలిన్ సాధన చేసేది. ఈ ఇంట్లో పొయ్యి వెలిగిందీ, పిల్లలు బడికి తెమిలిందీ ఆ వాయిద్యం వింటూనే. వెంటిలేటర్లు మూశాక అంతా నిశ్శబ్దం.

"పరీక్ష తప్పితే ఆ పక్కింటి వైపు వెంటిలేటరు తెరిపించేస్తారా?" అంది.

"తెరిపిస్తాను. నెగ్గితే మరి నువ్వు నోరెత్తకూడదు."

భాస్కర్ వచ్చి, "తలుపులు మూసి పొగ పెడితే సందున్న సోటికి పాకుతాది సార్. అగరొత్తులున్నాయేటి?" అన్నాడు.

"మాది బాప్టిస్టుల ఇల్లు నాయనా, అగరొత్తులెక్కడివి!" అంటూ జ్ఞానసుందరి పక్కింటికెళ్ళింది. చూడామణి చెయ్యి పెద్దది. నిప్పుల కుంపటి నిండా సాంబ్రాణి జల్లి మరీ ఇచ్చింది.

మగవాళ్ళిద్దరూ లోపల తలుపు బిగించుకున్నారు. పొగ ఎటూ పోలేదు. ఊపిరాడక తియ్యబోతే కొత్త రబ్బరుకు తలుపు కరుచుకుపోయింది. ఎంతకీ రాకపోతే బైట ఆడవాళ్ళు పెట్టిన కేకలు లోపలికి వినబడలేదు, లోపలి దగ్గులు బైటికి వినబడలేదు. కుంపటి మోసుకొచ్చినప్పుడు వాకిట్లో మిగిలిన వాసనకు స్కూటరాపిన చర్చి సంఘపెద్ద స్టాన్లీ, "మాస్టారింట సాంబ్రాణా!" అని రోడ్డు మీదే మోకరించాడు.

"ముందు తలుపు తొయ్యండి బాబూ, ప్రార్థన తరవాత!" అరిచింది చూడామణి.

ముగ్గురూ భుజాలానించారు. తలుపు తెరుచుకోగానే మాస్టారూ, భాస్కరూ ధారలుగా కన్నీళ్ళతో వాకిట్లోకి వచ్చి పడ్డారు.

"పశ్చాత్తాపం! స్తోత్రం!" అన్నాడు స్టాన్లీ.

"పొగయ్యా బాబూ, పొగ!" అన్నాడు మాస్టారు.

భాస్కర్ దగ్గుతూనే, "పొగ ఎల్లలేదు, కేక రాలేదు. ఇంత మంచి పని నేనెక్కడా సూళ్ళేదు సార్. పాస్!" అన్నాడు.

"విన్నావేటే?" అన్నాడు మాస్టారు భార్యతో.

ఆవిడకన్నా ముందు చూడామణి కళ్ళొత్తుకుంది. "చల్లదనానికా అన్నయ్యా మూసింది? నా వాయింపు పడకనుకున్నాను. ఆ రోజు నుంచీ వయొలిన్ పెట్టె తియ్యలేదు."

మాస్టారు పక్కింటి వైపు మూయించిన వెంటిలేటరు కేసి చూశాడు. కొత్తకాపురం రోజుల్లో ఈ పిల్ల రోజూ ఒకే స్వరం దగ్గర తప్పేది. మొగుడూపెళ్ళాలు మంచం మీద ఊపిరి బిగబట్టి ఎదురుచూసేవారు. అది సరిగ్గా పలికిన పొద్దున్న జ్ఞానసుందరి పాయసం వండింది.

"సుత్తి పట్రావే," అన్నాడాయన.

"సార్, పాసని రాసీసేను!"

"కొట్టెయ్."

మర్నాడు చీకటుండగానే చూడామణి వయొలిన్ మీద భూపాల రాగం ఇంట్లోకి వచ్చింది. పొద్దెక్కాక దాని వెనకే వేడి కూడా వచ్చిందని జ్ఞానసుందరి మొగుణ్ణి తిట్టింది.