ఎర్రబల్బు వెలిగినంతసేపు

ఆ ఉదయం ఫోటోగ్రాఫరు వేసుకున్న పథకం ఒక్కటే: ఎవరి కంటా పడకుండా కాసేపు నిద్రపోవడం. భార్య పోయిన దగ్గర్నుంచి ఆయనకు రాత్రిళ్లు కునుకు లేదు. ముందురోజే, డాక్టరైన కోడలు చివాట్లు పెట్టింది.

"మెదడు మధ్యలో బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది మామయ్యగారూ. చీకటి పడితేనే నిద్ర హార్మోను వదులుతుంది. వయసయ్యేకొద్దీ అదెలాగూ తగ్గుతుంది. మీరేమో లైటు వేసుక్కూర్చుంటారు! నిద్ర చాలకపోతే రోగాన్ని తట్టుకునే శక్తీ తగ్గుతుంది."

చీకటే కదా కావలసింది! స్టూడియో వెనక ఫిలిం కడిగే డార్క్ రూమ్ ఉండనే ఉంది. లోపల పడక్కుర్చీ వాల్చుకుని, ఎవరూ లేపకుండా తలుపు మీది ఎర్రబల్బు వేశాడు. చీకటి ఉతికిన దుప్పటిలా మెత్తగా మీదికొచ్చింది. ట్రేలో నీళ్ల మీద చంద్రుడు తేలుతున్నట్టు, భార్య పట్టుకారుతో ఆ చంద్రుణ్ణి అటూ ఇటూ కదుపుతున్నట్టు కల.

ఎర్రబల్బు వెలిగితే తలుపు తట్టకూడదన్నది ఆ ఇంటి శాసనం. కోడలు బల్బు చూసి నిలబడిపోయింది. లోపల కడగాల్సిన ఫిలిం ఒక్కటే ఉంది: అత్తగారు చివరిసారిగా తీసినది. ఎప్పుడడిగినా "మనసు కుదిరినప్పుడు" అని ఆయన దాటేసేవాడు.

"ఏమండీ, మామయ్యగారు అత్తయ్య ఫిలిం కడుగుతున్నారు!" అని భర్తకు ఫోను చేసింది.

కొడుకు ఆఫీసు వదిలి పరుగెత్తుకొచ్చాడు. అక్క జ్ఞాపకం చూడాలని ఫోటోగ్రాఫరు మరదలు బస్సెక్కి వచ్చింది. పక్క షాపు టైలరు కుట్టుమిషను ఆపేశాడు. లోపల్నుంచి వింత చప్పుడు.

"ఏడుస్తున్నాడ్రా మీ నాన్న!" మరదలు కళ్లొత్తుకుంది.

"గురకలా ఉంది పిన్నీ."

"నోర్ముయ్. పెళ్లాం జ్ఞాపకాన్ని ముందు పెట్టుకుని ఎవడైనా గురకపెడతాడా?"

అంతలో చప్పుడు ఆగిపోయింది. కోడలు తలుపుకు చెవి ఆనించింది. తలుపు తీస్తే వెలుతురు పడి ఫిలిం పోతుంది. తీయకపోతే మనిషి? కొడుకు గడియ మీద చెయ్యి వేశాడు. తలుపు తనంతట తనే తెరుచుకుంది.

"బొమ్మ వచ్చిందా నాన్నా?"

తడికళ్లన్నీ తనమీదే. నిద్రపోయానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. "ఇంకాస్త పనుంది," అని మళ్లీ తలుపేసుకున్నాడు.

ఫిలిం కడిగే మందుపొడి పొట్లాలకూ తనలాగే వయసైపోయింది. అయినా కలిపాడు. ఫిలిం కడిగి, ఆరాక, చిట్టచివరి బొమ్మను కాగితం మీదికెక్కించి ట్రేలో వేశాడు. ముందు పడక్కుర్చీ తేలింది. తర్వాత కాళ్లు. ఆ తర్వాత బార్లా తెరిచిన తన నోరు.

అది ఇదే గది. పని వంకతో తీసిన కునుకులు ఆమెకు తెలియవనుకున్నాడు ఇన్నాళ్లూ! బొమ్మలో మోకాళ్ల మీద దుప్పటి ఉంది. అది తాను కప్పుకున్నది కాదు.

ఫోటో బయటికి తెచ్చి, పొద్దుటి సంగతి కూడా ఒప్పేసుకున్నాడు. మరదలు ఫోటోనూ బావనూ మార్చి మార్చి చూసింది.

"నేను చెప్పింది రాత్రి నిద్ర గురించి మామయ్యగారూ!" అంది కోడలు.

"తలుపేస్తే చీకటే కదమ్మా. బయట పగలని గ్రంథికేం తెలుస్తుంది?"

"ఒంట్లో గడియారం ఉంటుంది, దానికి తెలుస్తుంది మామయ్యగారూ. మోసపోయింది మేమే."