తోడేలూ కోకిలా కలిసి చేసిన ఫిల్టర్

పాత పద్ధతిలో డిజిటల్ ఫిల్టర్ తయారుచేసేవాళ్లంటే నాకు జాలి. పుస్తకం తీసి, సూత్రం చూసి, మధ్యాహ్నం భోజనానికల్లా పని ముగించేస్తారు. అదీ ఒక పరిశోధనేనా?

ఫిల్టర్ అంటే శబ్దాల జల్లెడ. రొదని ఆపేసి, మాటని చెవిదాకా పోనిస్తుంది. ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలోని మా యూనివర్సిటీలో ప్రొఫెసర్ అలిస్టర్ క్రూ దాన్ని తోడేళ్ల చేత వెతికించాడు. అవి వేటాడే తీరుని లెక్కల్లోకి మార్చాడన్నమాట. పేపర్ అచ్చయింది. తర్వాత తోడేలుకి పరాయి గూట్లో గుడ్డుపెట్టే కోకిలని జతచేశాడు. ఇంకో పేపర్! ఆపైన తిమింగలం. దీన్నే హైబ్రిడ్ అల్గారిథం అంటారు. పొరపాటు తగ్గిందా అంటారా? తగ్గింది, దశాంశ బిందువుకి బాగా దూరంలో.

ప్రయోగానికి చెవి అప్పిచ్చినవాడు మెర్వ్ టక్‌వెల్. షెడ్డుల్లో గొర్రెల ఉన్ని కత్తిరించీ కత్తిరించీ, ఆ మిషన్ల మోతకి వినికిడి పోగొట్టుకున్నాడు. అతని భార్య నోరీన్‌కి పక్షవాతం వచ్చాక గొంతు సన్నబడిపోయింది.

"జంతువులన్నీ బాగానే ఉన్నాయి గానీ అలిస్టర్, మా నోరీన్ మాట ఎప్పుడు వినపడుతుందయ్యా?" అని అడిగాడు.

"అది భవిష్యత్తులో చేయాల్సిన పని, మెర్వ్."

ఎంత ముందుచూపు! ఆ మాట ప్రతి పేపర్లోనూ ఆఖరి వాక్యం.

అంతా చెడగొట్టింది పరిశోధక విద్యార్థిని టామ్సిన్. అల్గారిథంలోకి కంగారూని చేర్చమంటే, పాత పుస్తకంలోని ఫిల్టర్‌నే నోరీన్ గొంతుకి తగ్గట్టు సరిచేసి మెర్వ్ చెవి మిషన్‌లో పెట్టింది. వాళ్ల వంటింట్లోనే కూర్చుని పరీక్షించింది. ఫ్రిజ్ గురగురలాడుతోంది. నోరీన్ టీ పెట్టమంది. మెర్వ్ లేచి కెటిల్ అందుకున్నాడు.

నోరీన్ అతన్నే చూస్తూ ఉండిపోయింది. "ఇన్నాళ్లూ నామీద విసుగొచ్చి పలకట్లేదనుకున్నాను" అంది.

మెర్వ్ కెటిల్ పక్కనపెట్టి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. టీ సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

"ఇందులో కొత్తదనమేముంది టామ్సిన్?" అని ప్రొఫెసర్ ఆ ఫిల్టర్ గురించిన అధ్యాయాన్ని ఆమె థీసిస్‌లోంచి కొట్టేయించాడు. న్యాయమే! పెళ్లాం మాట మొగుడికి వినపడటాన్ని ఏ జర్నల్ వేసుకుంటుంది?

కంగారూ పేపర్‌ని ఇంకొకరి చేత రాయించారు, దానికి బహుమతి కూడా వచ్చింది. టామ్సిన్ థీసిస్ వదిలేసి ఊళ్లో చెవుల క్లినిక్‌లో చేరిపోయింది. పాపం, అక్కడ ఆమె పనిని చదివేవాళ్లెవరూ లేరు. వినేవాళ్లే ఉన్నారు.