వందన సమర్పణ ముగిసేదాకా

పుట్టిన ప్రతిదీ గిట్టక తప్పదని పెద్దలు ఏనాడో తేల్చేశారు. గిట్టిందని ఎవరు ధ్రువీకరించాలో మాత్రం చెప్పకుండా పోయారు. ఆ లోటు పూడ్చడానికే దృశ్య శిక్షణ పరిపూర్తి నిర్ధారణ విభాగం వెలిసింది. మొదలైన వీడియో ముగిసిందా లేదా అని తేల్చడం దాని ఏకైక బాధ్యత. (మొదలైందా లేదా అని తేల్చే విభాగం వేరే ఉంది. రెండింటికీ మాటల్లేవు.)

ఆ విభాగానికి కోడ్ రాసేవాడు మహేంద్ర. మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీ వెనక, మేడమీది గదిలో ఒంటరిగా కూర్చుని కాంట్రాక్టు మీద రాస్తాడు. అతని జీవితంలో ముగిసినవి తక్కువ. సగం చదివిన పుస్తకాలున్నాయి, సగం తాగి మరిచిన టీలున్నాయి. ఒక సంగతి ఎప్పుడు ముగిసినట్టో తెలుసుకోవడం అతనికి ఉద్యోగమే కాదు, చిన్నప్పటినుంచీ ఉన్న బెంగ కూడా.

పని చూడ్డానికి చిన్నదే. గొర్రెల కాపరులు వానలకు ముందే మందకు చిటుకు రోగం టీకా వేయిస్తారు. తొలకరికి లేచిన లేత పచ్చికను ఆబగా మేసిన గొర్రె, అదీ మందలో బాగా బలిసినదే, తెల్లారేసరికి కాళ్ళు చాచి పడి ఉంటుంది. అదే చిటుకు. పోయినేడాది దాకా ఈ టీకాను సూదితో వేసేవాళ్ళు. ఈ ఏడాది నుంచి అవగాహనతో వేయాలని నిర్ణయించారు. నలభై నిమిషాల వీడియోను ఫోన్‌లో చివరిదాకా చూసినవాళ్ళకే టీకా. వీడియో ముగియగానే ప్లేయర్ ఒక సంకేతం పంపుతుంది. అది అందిన క్షణాన పోర్టల్‌లో పేరుకెదురుగా ‘చూస్తున్నారు’ పోయి ‘పూర్తిచేశారు’ రావాలి. మహేంద్ర రాసింది అంతే.

పదకొండు రోజుల్లో రెండువేల మూడువందల పద్నాలుగు మంది చూడటం మొదలుపెట్టారు. పూర్తిచేసినవాళ్ళు సున్నా.

మొదట అతను తన కోడ్‌నే అనుమానించాడు. (దేనికైనా ముందు తననే అనుమానించుకోవడం అతని అలవాటు.) నెట్‌లో ముక్కలు ముక్కలుగా వచ్చే వీడియోకు తన చివరి ముక్క ఏదో ఒక్కోసారి తనకే తెలియదు. నలభై నిమిషాలని చెప్పుకుంటుంది, ముప్పైతొమ్మిది నిమిషాల యాభైతొమ్మిది సెకన్ల దగ్గర ఊరుకుంటుంది. అందుకని ఒక్క సెకను తక్కువైనా ముగిసినట్టే లెక్కపెట్టమని రాశాడు. మర్నాడు చూస్తే మళ్ళీ సున్నా.

ఇక లాభం లేదని తానే మొత్తం చూడటానికి కూర్చున్నాడు. కాసేపటికి తాను వంటగదిలో పాలు కాస్తున్నట్టు గమనించాడు. మళ్ళీ మొదటినుంచి కూర్చున్నాడు. ఈసారి డాబా మీద బట్టలు తీస్తూ దొరికాడు. నాలుగోసారి తనమీద తానే నిఘా పెట్టుకున్నాడు. ముప్పైఏడు నిమిషాల పది సెకన్ల దగ్గర తెరమీది యాంకరమ్మ చిరునవ్వుతో, ఇప్పుడు వందన సమర్పణ, అంది. మహేంద్ర మనసు కుర్చీలోనే ఉంది. వేలు వీడియో ఆపింది, కాళ్ళు లేచాయి.

ఎవరు ఎక్కడ ఆపారో నమోదయ్యే లాగ్ తెరిచి చూశాడు. రెండువేల మూడువందల పద్నాలుగు మందీ సరిగ్గా అక్కడే వీడియో ఆపి లేచారు. ఆ ప్రాంతంలో ఏ సభలోనైనా వందన సమర్పణ అనే మాట వినబడితే కుర్చీలు వెనక్కి జరుగుతాయి, చెప్పులు వెతుక్కుంటారు. బడిలో నేర్చిన విద్యల్లో జీవితాంతం నిలిచేది అదొక్కటే. కోడ్‌లో తప్పు లేదని తెలిసినందుకు అతనికి సంతోషం కలగలేదు. ఇప్పుడు తప్పు దిద్దడానికి వీల్లేని చోట ఉంది.

ఒంగోలు వెళ్ళి అదనపు ఉపసంచాలకులు విక్టర్ గారికి సంగతి విన్నవించాడు. వందన సమర్పణ మొదలవగానే ముగిసినట్టు రాసుకుందామా అని అడిగాడు. విక్టర్ గారు నెమ్మదస్తులు. ఆ మూడు నిమిషాల్లో పద్నాలుగు మంది అధికారులకు, ఆ తర్వాత విద్యుత్ శాఖకు, మైకుసెట్టు వారికి ధన్యవాదాలున్నాయని, అందులో పదకొండో పేరు ఎవరిదో తాను చెప్పడం బాగుండదని అన్నారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకున్నారు.

“తొంభైమూడు శాతం చూసినాడంటే ఎట్లా మహేంద్రా. ఎవర్నైనా తొంభైమూడు శాతం బతికినాడంటామా?”

వారంలోగా కమిటీ కూర్చుని నిబంధనను బిగించింది. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఫోన్ దానంతటదే ఫొటో తీస్తుంది. రెండింట్లో ఒకే ముఖం ఉండాలి. లేకపోతే వీడియో మొదటికొస్తుంది. మహేంద్ర రెండ్రోజుల్లో రాసిచ్చాడు. (తనకు ఇష్టంలేని పనులే అతను పూర్తిచేయగలడు.)

అతని మేనత్త అంకాలమ్మది తర్లుపాడు దగ్గర ఊరు. అరవైమూడు గొర్రెలు. నల్లమల వైపు మబ్బు కమ్మినప్పుడల్లా ఆమె మేనల్లుడికి ఫోన్ చేసేది. వీడియో ఇప్పటికి తొమ్మిదిసార్లు చూసిందట. చివరిదాకా లేవకుండా కూర్చోమని అతను బతిమాలాడు.

“ఎట్ల కూచునేది అల్లుడా? అంత పెద్ద సారు చేతులెత్తి దండం పెడతాండు. మనం లేసి సాగనంపొద్దా? కూచునే ఉంటే ఏం మనుసులం?”

సరే అత్తా ఉంటా, అన్నాడు. ఉండు మరి, అంది. ఇంకేంది, అంది. ఏం లేదు, అన్నాడు. ఇంకో పావుగంట మాట్లాడుకున్నారు. ఆ ఊళ్ళ ఫోన్లకూ ముగింపు సంకేతం లేదు.

పదోసారి అంకాలమ్మ ఫోన్‌ను దొడ్డి గుంజకు కట్టింది. ముఖం తెరమీది గుండ్రంలో పెట్టమంటే పెట్టబోయింది. ఇంతలో గొర్రెపిల్ల ఒకటి కంచె దాటితే దాని వెనక పరుగెత్తింది. ఖాళీ అయిన గుండ్రంలోకి పొట్టేలు తల దూర్చింది. ఫోన్ ఫొటో తీసుకుంది. పొట్టేలు ఆ గుంజకే కట్టి ఉంది. నలభై నిమిషాలు నెమరేస్తూ నిలబడింది. వందన సమర్పణ వచ్చింది. అది కదల్లేదు. పద్నాలుగు మంది అధికారుల్నీ, విద్యుత్ శాఖనూ, మైకుసెట్టు వారినీ ఓపిగ్గా విన్నది. ఫోన్ రెండో ఫొటో తీసింది. ముఖం ఒకటే.

ఆ విధంగా ఆ ప్రాంతంలో మొదటి పరిపూర్తి నమోదైంది. పొట్టేలు ఫొటోతో, అంకాలమ్మ పేరుతో ధ్రువపత్రం వచ్చింది.

మర్నాడు ఐసుపెట్టెతో టీకాలు వేసే చెంచులక్ష్మి వచ్చింది. ధ్రువపత్రంలోని ముఖంతో సరిచూసుకున్నాకే టీకా అని ఆమెకు ఉత్తర్వు. చెంచులక్ష్మి అంకాలమ్మ ముఖం చూసింది, ధ్రువపత్రం చూసింది, దొడ్డిలోకి చూసింది.

“నా చేతుల్లో ఏముంది పెద్దమ్మా. ఫొటోలో ఉన్నది ఇదొక్కటే గదా,” అని పొట్టేలుకు మాత్రం సూది వేసి, మిగతావి కూడా చూస్తే కబురు చేయమని చెప్పి పోయింది.

మిగతావి చూడటానికి అడ్డేమీ కనబడలేదు. పోర్టల్ పన్నెండంకెల సంఖ్య అడుగుతుంది. ప్రతి గొర్రె చెవికీ ఉన్న పసుపు బిళ్ళ మీద పన్నెండంకెలే ఉన్నాయి. పోర్టల్ అంకెలు లెక్కపెడుతుంది గానీ ఎవరివని అడగదు. (అలా అడగమని మహేంద్రకు ఎవరూ చెప్పలేదు. చెబితే రాసేవాడే.) అంకాలమ్మ ఇరుగుపొరుగు ఫోన్లు ఆరు తెచ్చి, తనదానితో కలిపి ఏడు కట్టింది. పొద్దున మొదలుపెట్టి విడతకు ఏడు చొప్పున అరవైరెండు గొర్రెలూ అవగాహన పొందాయి. ఒక్కటీ మధ్యలో లేవలేదు.

ఒక్కటీ అంటే, ఒకటి తప్ప. ఆఖరి విడతలో చుక్కల చెవుల గొర్రె ముందున్న ఫోన్‌లో ముప్పైతొమ్మిది నిమిషాల యాభైఏడు సెకన్ల దగ్గర సిగ్నల్ పోయింది. సిగ్నల్ తిరిగొచ్చాక కూడా తెరమీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. గొర్రె కూడా ఉండిపోయింది. చెంచులక్ష్మి వచ్చి అరవైఒక్కింటికి సూదులు వేసి, దీనిది ఇంకా అవలేదు పెద్దమ్మా, అని పెట్టె మూసింది. మళ్ళీ మొదటినుంచి చూపిద్దామంటే, చూసేవాళ్ళు తామే ఆపితేనో, ముఖం తేడా వస్తేనో తప్ప వీడియో మొదటికి రాదు. ‘చూస్తున్నారు’ అని ఉన్నవారు మళ్ళీ నమోదు కావడానికి వీల్లేదు.

మహేంద్ర చేత్తో ఒక్క మాట మారిస్తే సరిపోతుంది. పోర్టల్‌లో ఆ గొర్రె వరుస తెరిచి చాలాసేపు చూశాడు. ముగియనిదాన్ని ముగిసిందని రాయడం తప్పని కాదు, ఆ రాసింది తానేనని ఎక్కడో నమోదవుతుందని వేలు ఆగింది. దానికి అతను లోలోపల నిజాయితీ అని పేరు పెట్టుకుని, అనుమతి కోరుతూ విక్టర్ గారికి మెయిల్ పంపాడు. అది కమిటీకి వెళ్ళింది.

మెయిల్ పంపిన ఇరవైరెండో రోజు వాన పడింది. వారానికి పచ్చిక లేచింది. ఒక పొద్దున అంకాలమ్మ ఫోన్ చేసింది.

“అల్లుడా, చుక్కది పోయింది.”

ఇంకేంది అనలేదు. ఫోన్ పెట్టేసింది. ఆ కాల్ ముగిసిందని అతనికి వెంటనే తెలిసింది.

ఆ నెలాఖరు సమీక్షలో విక్టర్ గారు తర్లుపాడు వైపు గణాంకాలను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. పదకొండో పేరు దాకా జనం ఇంత క్రమశిక్షణతో కూర్చోవడం తన సర్వీసులో ఇదే మొదటిసారి అన్నారు. ఆ సాయంత్రమే కమిటీ జవాబు కూడా వచ్చింది. సదరు వీక్షకులు తమంతట తాము విరమించుకున్నట్టు ఆధారం లేదు గనుక, మిగిలిన మూడు సెకన్లూ చూసేందుకు వారికి గడువు పొడిగించారు.

పోర్టల్‌లో ఆ పన్నెండంకెల ఎదురుగా ఇప్పటికీ ‘చూస్తున్నారు’ అనే ఉంది.