తిరుమలరావు రెండు వేళ్ళు

ఆ మంగళవారం పొద్దున్న తిరుమలరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగుతూ పది నిమిషాలు, షేర్ ఆటోలో పావుగంట, ఆఫీసులో ఫైళ్ళ మీద కుదిరినంత సేపు కుడిచేతి చూపుడువేలినీ నడిమివేలినీ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తించాలి. ఎవరికీ చెప్పకూడదు. ఆదివారం సాయంత్రానికి ఆ రెండు వేళ్ళూ బేస్ గిటారు తీగల మీద నిమిషానికి నూట ఇరవై దెబ్బల నడకలో, దెబ్బకు నాలుగు పలుకులు పలికించాలి. ప్రస్తుతానికి తొంభై ఆరు దగ్గరే రొప్పుతున్నాయి.

ఈ గండాన్ని తెచ్చిపెట్టింది ఆయన నోరే. బావమరిది ప్రదీప్‌కి ఒక ఆర్కెస్ట్రా ఉంది. పదకొండేళ్ళుగా అందులో బేస్ గిటారు తిరుమలరావుదే. బేసు వాయించేవాణ్ణి జనం పెద్దగా పట్టించుకోరు గానీ, ఆయన ఆగితే పాటకి కాళ్ళ కింద నేల ఉండదు. ఈమధ్య ప్రదీప్ కొత్త కీబోర్డు కొన్నాడు. కొన్నవాడు ఊరుకోక, బేసు కూడా తన ఎడమచేత్తోనే లాగించేయొచ్చన్నాడు. ఆదివారం బొబ్బిలి రిసెప్షన్లో తను కట్టిన కొత్త వరస నూట ఇరవైలో నడుస్తుందని, బావ వల్ల కాకపోతే మొహమాటపడకుండా చెప్పేయమని అన్నాడు.

"నూట ఇరవై నాకు మంచినీళ్ళ ప్రాయం" అనేశాడు తిరుమలరావు. ఇంటికొచ్చి చూసుకుంటే తొంభై ఆరు. ఆదివారం తడబడ్డాడా, గిటారు అటక మీదికి వెళుతుంది, తను పెళ్ళివారి బంతిలోకి వెళతాడు. పదకొండేళ్ళ కొలువు పోతుంది.

ఇంట్లో గిటారు తీసి సాధన చేసుకోవచ్చు కదా అంటే, శ్రీకాకుళంలోని ఆ ఇంట్లో ఇప్పుడు అత్తగారు ఉంది. కూతురి దగ్గర నెల్లాళ్ళు ఉండిపోదామని బొబ్బిలి నుంచి వచ్చిన మహాలక్ష్మమ్మ ప్రదీప్ కన్నతల్లి. రోజూ సాయంత్రం కొడుకుతో ఫోన్లో మాట్లాడనిదే ఆవిడకు అన్నం సహించదు. పైగా భార్య అనూరాధ నోట్లో నువ్వుగింజ నానదు. ఇంట్లో తెలిస్తే ప్రదీప్‌కి తెలిసినట్టే. అందుకే గిటారును బీరువా మీదే వదిలేసి, తిరుమలరావు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, ఫోన్లో టిక్కుటిక్కుమనే లెక్కకి తల ఊపుకుంటూ రెండు వేళ్ళతో తొడ మీద వాయించడం మొదలుపెట్టాడు.

కాఫీ గ్లాసు తియ్యడానికొచ్చిన అనూరాధ అది చూసింది. "ఆ వేళ్ళేటి, అలా కొట్టుకుంటన్నాయి?" అని అడిగింది. ఆయనకి టిక్కుటిక్కు తప్ప మరేమీ వినపడలేదు. నొప్పా అంటే తల ఊపాడు. తిమ్మిరా అంటే ఊపాడు. పోనీ ఎన్నాళ్ళ నుంచీ అంటే దానికీ ఊపాడు. అనూరాధ వెంటనే ఫోను అందుకుంది. పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న మహాలక్ష్మమ్మ మాత్రం అల్లుడి చెయ్యివంక చాలాసేపు చూసి, మళ్ళీ కాయలు ఒలుచుకుంది.

బుధవారానికి సంగతి చుట్టాలందరికీ చేరింది. మంచాన పడ్డవాణ్ణి పలకరించకపోతే ఆ ఇళ్ళలో ఏడాదిపాటు మాటలుండవు. గురువారం పొద్దున్న రెండు ఆటోల నిండా దిగారు, అరటి గెలలతో, కొబ్బరి బొండాలతో. మంచాన పడని రోగిని చూసి కొంచెం నిరాశపడినా సర్దుకున్నారు. చినమావ కొండబాబు తనకు తెలిసిన ఒకాయనకి సరిగ్గా ఈ రెండు వేళ్ళతోనే మొదలై ఎంతవరకు పాకిందో వివరంగా చెప్పాడు. అనూరాధ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చింది. ఆఫీసులో పైఅధికారి ఫైలు మీద గంతులేస్తున్న వేళ్ళను చూసి, జాలిపడి, శుక్రవారం సెలవిచ్చి పంపేశాడు. సెలవు దొరికిందని తిరుమలరావు సంతోషిస్తే, ఇంట్లో కూర్చోడానికి కుర్చీ లేదు.

శుక్రవారం భార్య కళ్ళు చూసి ఆయన మనసు కరిగింది. పరువు పోతే పోయిందని నిజం చెప్పెయ్యడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ప్రదీప్ ఫోన్ చేశాడు. అనూరాధ స్పీకరు పెట్టింది.

"బావా, వొంట్లో బాలేదంట కదా. బేసు సంగతి నువ్వు మర్సిపో. నా ఎడమ సెయ్యుంది."

తెరిచిన నోరు మూతపడింది. తనకేమీ కాలేదనీ, ఆదివారం బొబ్బిలి వచ్చి తీరతాననీ తిరుమలరావు గట్టిగా అరిచాడు. జబ్బు తలకెక్కిందని కొండబాబు అందరికీ సైగ చేశాడు.

ఇక మహాలక్ష్మమ్మ లేచింది. ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడదు. పెళ్ళయిన నాటి నుంచీ ఏది చెప్పాలన్నా కూతురితో చెబుతుంది, కూతురు లేకపోతే గోడతో చెబుతుంది. నెల్లిమర్ల దగ్గర నాటువైద్యుడు గంగులు కట్టు కడితే ఎలాంటి చెయ్యయినా కుదురుతుందని, మీ ఆయన్ని బయల్దేరమనమని అనూరాధతో అంది. శనివారం పొద్దున్న ముగ్గురూ బస్సెక్కారు. ఆవిడే ముందు లోపలికెళ్ళి గంగులుతో పావుగంట మాట్లాడి వచ్చింది. తర్వాత గంగులు మోచేతి నుంచి పిడికిలి దాకా ఆకుపసరు పూసి, వెదురుబద్ద వేసి, మణికట్టు ఒక్క పిసరు కూడా వంగకుండా గుడ్డ చుట్టేశాడు. బొటనవేలు, మొదటి రెండు వేళ్ళూ మాత్రం బయటికి వదిలాడు.

"మూడు దినాలు ఇప్పకు. ఈ రెండు వేళ్ళూ కదుపుకో, గట్టిగా మాత్రం లాగకు" అన్నాడు.

తన పని అయిపోయిందనుకున్నాడు తిరుమలరావు. అయినా మాట ఇచ్చాడు కనక, ఆదివారం సాయంత్రం ఆ కట్టుతోనే బొబ్బిలి స్టేజీ ఎక్కి గిటారు మెళ్ళో వేసుకున్నాడు. ప్రదీప్ కట్టువంక జాలిగా చూసి, ఎడమచెయ్యిని కింది స్వరాల మీద సిద్ధంగా పెట్టుకున్నాడు. డ్రమ్ము మెల్లగా అందుకుని, నడక పెంచుతూ పోయింది.

మణికట్టు వంగదు. తీగను గుంజుదామంటే బలం లేదు. చేసేదిలేక తిరుమలరావు యాంప్లిఫయరు సౌండు పెంచి, తీగల్ని వేలి కొసలతో ఊరికే తాకుతూ పోయాడు. తొంభై ఆరు నడక రాగానే వేళ్ళు రొప్పుతాయని చూశాడు. రొప్పలేదు. నూట పది దాటింది. నూట ఇరవైలో ఆ రెండు వేళ్ళూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ, ఏ తొందరా లేనట్టు, తీగ మీద నుంచి అర అంగుళం కూడా లేవకుండా పరుగెత్తాయి. ప్రతి పలుకూ వలిచిన చిక్కుడుగింజలా విడిగా, గుండ్రంగా రాలింది. అన్నం తింటున్న వాళ్ళు కూడా తలెత్తి చూశారు. పదకొండేళ్ళలో తను ఇంత బాగా ఎన్నడూ వాయించలేదని తిరుమలరావుకి తెలుస్తూనే ఉంది, నవ్వు ఆగడం లేదు. ప్రదీప్ ఎడమచెయ్యి కింది స్వరాల మీద నుంచి మెల్లగా లేచి, ఏం చెయ్యాలో తెలియక, చివరికి అతని ఒళ్ళోకే చేరింది.

స్టేజీ దిగేసరికి మహాలక్ష్మమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. అల్లుడు ఎదురుగా నిలబడి ఉండగా, కూతురి వైపు తిరిగి మాట్లాడింది.

"ఒసే అనూ, మీ ఆయనకి సెప్పు. మణికట్టు వొంచి తీగని గుంజితే వేళ్ళు అలిసిపోతాయి. మా నాన్న సేసిన వీణలన్నీ శ్రుతికి పలికించి సూసింది నేనే. ఇవే రెండు వేళ్ళు. కాఫీ కాడ తొడమీద కొడతన్నప్పుడే సూసినాను, సెయ్యి కొంగ మెడలా వొంగిపోతన్నాది."

అనూరాధ నోరు తెరిచింది. "జబ్బు కాదని నీకు తెలుసా? నాకెందుకు సెప్పలేదే అమ్మా? ఏడిసి ఏడిసి సచ్చాను."

"నీకు సెప్తే మీ తమ్ముడికి సెప్పేద్దువు. మీ ఆయనకి సెప్దామంటే, అల్లుడికి అత్త పాఠం సెప్తాదేటే? అందుకే కట్టు కట్టించినాను."

తిరుమలరావుకి కళ్ళు చెమర్చాయి. కట్టుకట్టిన చేత్తోనే అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఎంత గొప్పదీ ఆవిడ, వారం రోజులు ఎంత కడుపులో దాచుకుందీ అని ఆ రాత్రి అన్నం తింటున్నంత సేపూ అనుకుంటూనే ఉన్నాడు. తల్లి చెప్పిందంతా పక్కనే నిలబడి ప్రదీప్ కూడా విన్నాడు.

మర్నాడు పొద్దున్న గంగులు తలుపు తీసేసరికి, ప్రదీప్ అరుగు మీద ఎడమచెయ్యి చాపుకుని కూర్చుని ఉన్నాడు.